పిట్ట సరే, పొన్నంకి ఏదీ?

"తెలుగువాడిగా పుట్టినందుకు గర్వించు" బాపతు ఫార్వర్డులు మీకూ వస్తూనే ఉంటాయి. అజంత భాష, ఇటాలియన్ ఆఫ్ ది ఈస్టు, తెలుగు మాట్లాడితే ఒంట్లో ఇన్ని వేల నరాలు ఉత్తేజితమవుతాయి (ఎవరు లెక్కపెట్టారో మాత్రం చెప్పరు). ఈమధ్య ఆ జాబితాలో ఇంకో ఐటెమ్ చేరింది. ప్రపంచంలో ఒక పక్షి కుటుంబం మొత్తానికి శాస్త్రీయ నామం మన తెలుగు మాటేనట. పిట్ట! కింద చప్పట్ల బొమ్మలు, దణ్ణాలు, "జై తెలుగు తల్లి".

విషయం నిజమే. నాకు ఒళ్ళు మండింది కూడా అందుకే. అబద్ధమైతే నవ్వుకుని డిలీట్ కొట్టేవాణ్ణి.

ముందు ఆ నిజం ఏంటో చెప్తాను, తర్వాత నా గోడు. గోరింక కంటే చిన్నదైన ఒక రంగురంగుల పక్షి ఉంది. వీపు ఆకుపచ్చ, రెక్క మీద నీలం మెరుపు, పొట్ట లేత గోధుమ పసుపు, తోక కింద కుంకుమ పోసినట్టు ఎరుపు, కంటి మీదుగా నల్లటి పట్టీ, గొంతు తెలుపు. తోక ఉందా లేదా అన్నట్టు ఉంటుంది. ఇంగ్లీషులో ఇండియన్ పిట్ట అంటారు. 1766లో లిన్నేయస్ దీన్ని కాకుల ప్రజాతిలో పడేసి, పొట్టి తోకది అనే అర్థం వచ్చేలా కోర్వస్ బ్రాకియూరస్ అన్నాడు. 1816లో వియ్యో అనే ఫ్రెంచాయన దీన్ని కాకుల్లోంచి బయటికి తీసి, పిట్ట అని కొత్త ప్రజాతి పెట్టాడు. ఆ పేరే కుటుంబానికీ వచ్చింది. ఇప్పుడు ఆ కుటుంబంలో నలభైకి పైగా జాతులున్నాయి. ఆఫ్రికాలో ఒకటి పిట్ట ఆంగోలెన్సిస్, జపాన్ కొరియాల్లో గూడు పెట్టేది పిట్ట నింఫా, ఆస్ట్రేలియాది పిట్ట వర్సికలర్. జపాన్ శాస్త్రవేత్తా, కెన్యా గైడూ మన మాట పలక్కుండా ఆ పక్షి గురించి రాయలేరు. (ఇందులో ఒక వేళాకోళం ఉంది. పేరు పెట్టింది ఫ్రెంచాయన, ఫ్రెంచివాళ్ళు మాత్రం ఇప్పటికీ దాన్ని 'బ్రేవ్' అంటారు, పొట్టిది అని.) పందికొక్కు బాండికూట్ అయ్యి ఆస్ట్రేలియా దాకా పోయిన కథ మీకు తెలిసే ఉంటుంది. అలా మనం ప్రపంచానికి ఎగుమతి చేసినవాటిలో ఒక పందికొక్కు, ఒక పిట్ట ఉన్నాయన్నమాట.

ఇక్కడిదాకా బాగానే ఉంది. ఇప్పుడు ఒక్కసారి ఆలోచించండి. పిట్ట అంటే తెలుగులో ఏంటి? ఏదో ఒక చిన్న పక్షి. అంతే కదా? పాలపిట్ట, లకుముకిపిట్ట, పికిలిపిట్ట. చిన్నదనే అర్థం ఎంత పాతుకుపోయిందంటే చిన్న గోడని పిట్టగోడ అంటాం, చిన్న కథని పిట్టకథ అంటాం. అంటే ఇది పేరు కాదు, బేస్ క్లాసు. అసలు పేరు దాని ముందుండే మాట. ఒకడు మన ఊరొచ్చి "ఆయన పేరేంటండీ?" అనడిగితే మనం "సుబ్బారావు గారు" అన్నామనుకోండి. వాడు సుబ్బారావుని వదిలేసి 'గారు' అని రాసుకుపోయాడు. ఇప్పుడు ప్రపంచమంతా ఆయన్ని గారు, ఆయన పిల్లల్ని గారు, జపాన్‌లో ఉన్న ఆయన చుట్టాల్ని కూడా గారు అంటోంది. మనమేమో ఇక్కడ కూర్చుని మా ఊరి మాట ప్రపంచానికెక్కిందని కేకు కోస్తున్నాం.

మరి సుబ్బారావు ఎవరు? ఆ పేరు కూడా దొరుకుతుంది, అదీ చాలా పాత కాయితంలో. 1700 ప్రాంతాల మద్రాసు ఫోర్ట్ సెయింట్ జార్జిలో ఎడ్వర్డ్ బల్క్‌లీ అని ఈస్టిండియా కంపెనీ వైద్యుడుండేవాడు. ఆయన అక్కడి పక్షుల బొమ్మలు లండన్లో జేమ్స్ పెటివర్ అనే మందుల వ్యాపారికి పంపించాడు. జాన్ రే చనిపోయాక 1713లో అచ్చయిన ఆయన పక్షుల పుస్తకానికి పెటివర్ ఈ మద్రాసు పక్షుల్ని చివర్లో జోడించాడు. అందులో మన పక్షికి ఇంగ్లీషు అక్షరాల్లో ఉన్న పేరు 'పొన్నుంకి పిట్ట'. అప్పటి తెల్లవాళ్ళు తెలుగువాళ్ళని జెంటూలు అనేవాళ్ళు. అలాంటి జెంటూ ఎవరో ఆ పక్షిని చూసి "ఏదో పిట్టండీ" అనలేదు, పూర్తి పేరు చెప్పాడు. పొన్నంకి పిట్ట. లిన్నేయస్ కంటే యాభై ఏళ్ళ ముందు, తెలుగులో దీనికొక పేరుంది. అది ముద్రణలోకి కూడా ఎక్కింది.

ఆ పేరు ఇప్పుడు మీలో ఎంతమంది విన్నారు? చేతులెత్తక్కర్లేదు, నాకు తెలుసు. క్లాసు పేరు ప్రపంచమంతా వాడుతున్నారు, ఆబ్జెక్టుకి మాత్రం ఒక్క రెఫరెన్సు కూడా మిగల్లేదు. గార్బేజ్ కలెక్టర్ వచ్చి ఎత్తుకుపోయింది.

రెండేళ్ళ క్రితం అక్టోబరులో మా అమ్మ రేపల్లె నించి వీడియో కాల్ చేసింది. ముందురోజు రాత్రి గాలీ వానా. తెల్లారేసరికి వసారాలో గ్యాస్ సిలిండరు వెనకాల ఒక పక్షి నక్కి కూర్చుంది. "ఒరేయ్, ఇదేందో చూడరా, రంగులేసిన బొమ్మలాగుంది, తోకే లేదు" అంది. పక్కింటి బాబాయి వచ్చి "ఏదో పిట్టలే వదినా, పిల్లి చూడకముందే పంపించెయ్" అన్నాడు. ఆయన అరవై ఏళ్ళు ఆ ఊళ్ళోనే ఉన్న మనిషి. ఈలోపు ఆయన మనవడు, ఇంటర్ చదివేవాడు, ఫోన్లో ఫొటో తీసి వెతికేసి "ఇండియన్ పిట్టా అంట నానమ్మా" అన్నాడు. మా అమ్మ ఒక్క క్షణం ఆగి, "పిట్టానా? పిట్టకి పిట్టా అని పేరేందిరా?" అంది.

ఇంతకంటే మంచి బగ్ రిపోర్టు నేను నా సర్వీసులో చూడలేదు.

ఆ 'పిట్టా' సంగతి చూడండి. పిట్ట అని ఇక్కణ్ణించి వెళ్ళింది. ఇంగ్లీషు అక్షరాల్లోకి మారింది. మళ్ళీ ఇంగ్లీషు నించి తెలుగులోకి వచ్చేటప్పుడు, యోగకి యోగా అయినట్టు, దానికో దీర్ఘం తగులుకుంది. యూనికోడ్ ఫైలుని ఆస్కీలో సేవ్ చేసి మళ్ళీ తెరిస్తే ఏమవుతుందో మనకి తెలుసు కదా. ఒకప్పుడు డబ్బాలూ ప్రశ్నార్థకాలూ చూసి ఎంత గోల చేశాం! తెలుగు అక్షరం తెరమీద సరిగ్గా కనపడాలని రాత్రుళ్ళు కూర్చుని ఫాంట్లూ లేఖినులూ చేసిన తరం మనది. అదే రకం నష్టం మాటకి జరిగితే మాత్రం ఎవరికీ పట్టదు. పైగా 'పిట్టా' అని దీర్ఘం తీస్తేనే శాస్త్రీయంగా ఉందనుకుంటారు. మన ఇంటి గిన్నెని పక్కింటివాళ్ళు తీసుకెళ్ళి సొట్ట పెట్టి తిరిగిస్తే, ఇదేదో ఫారిన్ గిన్నె అని షోకేసులో పెట్టుకున్నట్టుంది.

మన పొరుగువాళ్ళు ఇంత అన్యాయంగా లేరు. తమిళంలో దీన్ని ఆరుమణిక్కురువి అంటారు. అంటే ఆరుగంటల పిట్ట. ఎందుకంటే ఇది తెల్లవారుజామునా సాయంత్రం మసకపడేటప్పుడూ గట్టిగా రెండు స్వరాల ఈల వేస్తుంది, మిగతా రోజంతా దాదాపు మౌనం. ఆ పేరు పెట్టినవాడు గడియారం చూసుకుని పెట్టాడో, పక్షిని చూసి గడియారం సరిచేసుకున్నాడో గానీ, ఆ ఒక్క మాటలో పక్షి దినచర్య ఉంది. హిందీలో నవరంగ్. అంటే దాని ఈకలు చూసి పెట్టారు. సింహళంలో అవిచ్చియా అంటారు. అక్కడొక కథ కూడా ఉంది. నెమలి దీని బట్టలు అరువడిగి తిరిగివ్వలేదట, అందుకని ఇది రోజూ నా బట్టలు నా బట్టలు అని ఏడుస్తుందట. చలికాలం గడపడానికి వచ్చే చుట్టానికి వాళ్ళు కథ కట్టిపెట్టారు. మనం ఉన్న పేరునే పారేశాం.

ఇక్కడ పక్షి స్వభావం గురించి నాలుగు ముక్కలు చెప్పాలి. లేకపోతే ఇదంతా వట్టి పేరు గొడవ అనుకుంటారు.

ఇది అడవి పక్షి. పైన కొమ్మల్లో కాదు, కింద నేలమీద. చెట్ల నీడలో రాలిన ఆకుల మధ్య గెంతుతూ, ముక్కుతో ఒక్కో ఆకూ తిరగేస్తూ, పురుగుల్నీ వానపాముల్నీ ఏరుకుని తింటుంది. రాత్రికి మాత్రం చెట్టెక్కి పడుకుంటుంది. వానాకాలంలో హిమాలయాల కింది అడవుల నించి మధ్యభారతం దాకా, ఇటు పడమటి కనుమల్లోనూ గూడు పెడుతుంది. గూడంటే ఎండుగడ్డీ ఆకులతో బంతిలాంటిది, పక్కన గుండ్రటి గుమ్మం. వానలయ్యాక దక్షిణానికి బయల్దేరి దక్షిణ భారతం, శ్రీలంకల్లో చలికాలం గడిపి, ఎండలు ముదిరే వేళకి మళ్ళీ ఉత్తరానికి పోతుంది. బరువు యాభై అరవై గ్రాములు. అంటే మన చేతిలో ఉన్న ఫోను బరువులో మూడోవంతు ఉండొచ్చు. రెక్క బలం అంతంతమాత్రం. ప్రయాణం రాత్రిపూట. అందుకే గాలికి కొట్టుకొచ్చి, దీపాలకి దారితప్పి, అలిసిపోయి, తెల్లారేసరికి ఎవరి వసారాలోనో బాత్రూములోనో తేలుతుంది.

ఇది కొత్త సంగతేం కాదు. మద్రాసు సైన్యంలో వైద్యుడిగా వచ్చి తర్వాత నెల్లూరులో పనిచేసిన జెర్డన్, 1862-64లో అచ్చయిన తన భారతీయ పక్షుల పుస్తకంలో దీని గురించే రాశాడు. ఎండాకాలం మొదట్లో పడమటి గాలులు బలంగా వీచేటప్పుడు తూర్పు కనుమల వైపు నించి ఇవి కొట్టుకొచ్చి గుడిసెల్లో, పాకల్లో, ఏ కప్పు దొరికితే దానికింద దూరతాయట. ఆయన మొట్టమొదటిసారి చూసింది మద్రాసు జనరల్ ఆస్పత్రిలోకి వచ్చి దాక్కున్నదాన్ని. తర్వాత నెల్లూరులో ఇలాగే చాలా బతికున్నవి దొరికాయట. మా అమ్మ సిలిండరు వెనకాల చూసింది అదే సీను. నూట అరవై ఏళ్ళలో మారిందల్లా గుడిసె బదులు గ్యాస్ సిలిండరు.

ఇంకో ముచ్చట. దీన్ని గానపక్షి అనేస్తారు గానీ, శాస్త్రం లెక్కలో అది కాదు. కొమ్మమీద వాలే పక్షుల్లో రెండు పెద్ద శాఖలున్నాయి. ఒక శాఖ పిల్లలు పెద్దవాళ్ళ దగ్గర పాట నేర్చుకుంటాయి. పికిలిపిట్ట, గోరింక అలాంటివి. మన పొన్నంకి రెండో శాఖ. ఈ శాఖలో చాలావాటికి కూత పుట్టుకతోనే వస్తుంది, నేర్చుకోవటాలు ఉండవు. రెండే రెండు స్వరాలు, ఫర్మ్‌వేర్‌లో రాసిపెట్టినట్టు. కానీ ఆ ఈల ఎంత దూరం వినపడుతుందంటే, పిట్ట కొంచెం కూత ఘనం అనే సామెత దీన్ని చూసే పుట్టిందంటే నేను నమ్మేస్తాను. (పుట్టిందని అనట్లేదు. రేపు ఇది కూడా ఫార్వర్డులో వస్తే నన్ననకండి.)

ఇప్పుడు అసలు తగువుకొస్తాను.

నాతో వాదించేవాళ్ళలో మొదటి రకం, "పేరులో ఏముంది బాస్, లాటిన్ పేరుంది, యాప్ ఉంది, ఫొటో తీస్తే చెప్తుంది" అనేవాళ్ళు. వీళ్ళు మామూలుగా వేరియబుల్స్‌కి టెంప్1, టెంప్2 అని పేర్లు పెట్టే జాతి. లాటిన్ పేరు శాస్త్రవేత్తలు ఒకరితో ఒకరు మాట్లాడుకోటానికి. మా అమ్మా, పక్కింటి బాబాయీ మాట్లాడుకోటానికి కాదు. వాళ్ళిద్దరి మధ్యా ఆ పక్షికి పేరు లేదు. పేరు లేనిదాని గురించి "పోయినేడు కూడా వచ్చింది కదా" అని ఎవరూ అనరు. "ఈ ఏడు ఇంకా రాలేదేంటి" అని అసలే అనరు. ఏదో పిట్ట వచ్చింది, ఏదో పిట్ట పోయింది. లాగ్‌లో ఎంట్రీయే పడకపోతే సర్వర్ ఎప్పుడు డౌన్ అయిందో ఎవడికి తెలుస్తుంది?

రెండో రకం ఇంకా ప్రమాదం. వీళ్ళకి భాషాభిమానం ఎక్కువ. పేరు లేదంటే చాలు, పెట్టేస్తారు. నవరంగ్ నించి 'నవవర్ణ పిట్ట', 'తొమ్మిది రంగుల పక్షి', లేకపోతే ఇండియన్ పిట్టని మక్కికి మక్కి దించి 'భారతీయ పిట్ట'. ఒకప్పుడు మౌస్‌కి మూషికం అని పెట్టిన ఉత్సాహమే ఇది. మౌస్‌కి మనకి ముందు పేరు లేదు కాబట్టి కనీసం అక్కడ ఒక సాకుంది. ఇక్కడ మూడొందల ఏళ్ళ కిందటే అచ్చయిన పేరుంటే, దాన్ని వెతక్కుండా, హిందీ నించి అనువాదం చేసుకోటం ఏం తెలుగు సేవ? లైబ్రరీలో ఫంక్షను ఉందో లేదో చూడకుండా కొత్తది రాసి చెకిన్ చేసినవాణ్ణి కోడ్ రివ్యూలో మనం ఏమంటామో, వీళ్ళనీ అదే అనాలి.

మూడో రకం, కాస్త చదువుకున్నవాళ్ళు. "పల్లెటూళ్ళలో ఎవరికీ పక్షుల తేడాలు తెలీవండీ, అన్నిటినీ పిట్టే అంటారు" అని తీర్పు చెప్పేస్తారు. ఈ మాటకి నాకు నిజంగా కోపం వస్తుంది. గూడల్లేది గిజిగాడు. పసుప్పచ్చటి వంగపండు. పొదల్లో ఎర్ర రెక్కలతో నడిచే జెముడుకాకి. పొడుగు రిబ్బను తోకతో చలికాలంలో వచ్చేదాన్ని తోక పికిలిపిట్ట అన్నట్టు జెర్డన్ రాసుకున్నాడు. ఈ పేర్లన్నీ ఏ పండిత సభో కూర్చుని పెట్టలేదు. పిట్టల్ని పట్టి, అమ్మి, తిని బతికినవాళ్ళు పెట్టారు. యానాదులు, నక్కలవాళ్ళు, ఉచ్చులు పెట్టేవాళ్ళు, పొలాల్లో వడిసెల తిప్పేవాళ్ళు. ఏది ఎప్పుడొస్తుందో, ఎక్కడ దిగుతుందో, ఏ వేళకి కూస్తుందో తెలియకపోతే వాళ్ళకి ఆ పూట కూడు లేదు. బల్క్‌లీకి పేరు చెప్పినవాడు కూడా అలాంటి మనిషే అయ్యుంటాడని నా ఊహ. కోటలో కూర్చున్న దుబాసీకి పొదల్లో తిరిగే పక్షి పేరు తెలిసే అవకాశం తక్కువ.

1972లో వన్యప్రాణి సంరక్షణ చట్టం వచ్చింది. పిట్టల్ని పట్టటం, అమ్మటం నేరమైంది. చట్టం అవసరమే, దాని మీద నాకు పేచీ లేదు. కానీ పట్టొద్దని చెప్పటానికి వాళ్ళ దగ్గరికి వెళ్ళిన ప్రభుత్వం, నీకేం తెలుసో చెప్పు రాసుకుంటాను అని మాత్రం వెళ్ళలేదు. మన విశ్వవిద్యాలయాల తెలుగు శాఖల్లో ప్రబంధాల్లోని పక్షుల మీద పరిశోధన చేస్తే డాక్టరేటు వస్తుంది. బాపట్లలోనో నిజాంపట్నంలోనో ఉన్న ఎనభై ఏళ్ళ యానాది పెద్దమనిషి నోట్లో ఉన్న పక్షుల మీద చేస్తే ఎవరిస్తారు? మనలాంటివాళ్ళు వారాంతాల్లో కూర్చుని సినిమా పాటల డేటాబేసులు కట్టాం. హీరోల పుట్టినరోజుల పట్టికలు కట్టాం. ఆ ఓపికలో పదోవంతు చాలు దీనికి.

పేరు బతకాలంటే ఏం కావాలో పాలపిట్టని చూస్తే తెలుస్తుంది. దసరానాడు పాలపిట్టని చూడాలని ఒక ఆచారం ఉంది కాబట్టి ఆ పేరు బతికింది. ఉమ్మడి రాష్ట్రానికి అది రాష్ట్ర పక్షి, ఇప్పుడు తెలంగాణకి. ఆంధ్రప్రదేశ్ 2018లో రామచిలుకని ఎంచుకుంది. (చిలక్కి ఏం తక్కువని గానీ, జామకాయలు కొట్టేసేదానికి జీవో కూడానా!) పొన్నంకికి పండగ లేదు, జీవో లేదు, సినిమా పాట లేదు. తమాషా ఏంటంటే, దసరా నాడు మనం మెడలెత్తి కరెంటు తీగల మీద పాలపిట్ట కోసం వెతుకుతుంటామే, సరిగ్గా ఆ రోజుల్లోనే ఇది ఉత్తరాది నించి వచ్చి మన దొడ్లో కరివేపాకు చెట్టు కింద ఆకులు తిరగేస్తూ ఉండొచ్చు.

ఉండొచ్చు అని ఎందుకన్నానంటే, అక్కడ ఆకులుంటే.

తెనాలి నించి రేపల్లె బండెక్కి కిటికీలోంచి చూడండి. ఆ లైను రేపల్లెతో ఆఖరు. అక్కడిదాకా మొత్తం వరి, మధ్యలో అరటి, పసుపు, కాలవ గట్లమీద తాళ్ళు, కొబ్బరి. రేపల్లె దాటి సముద్రం వైపు పోతే మడ అడవులు, ఇసక మీద సర్వి తోటలు. డెల్టాలో ఈ పక్షికి కావాల్సిన రకం అడవి లేదు. ఒక రాత్రికి దిగి తిని పోవాలంటే దానికున్నవి మామిడి తోటలు, గుళ్ళ వెనక చెట్లు, శ్మశానాల పక్క పొదలు, పాత ఇళ్ళ పెద్ద దొడ్లు. ఆ దొడ్లే దానికి అడవి. మరి ఆ దొడ్లని మనం ఏం చేశాం? సగం అమ్మి అపార్టుమెంటు చేశాం. మిగిలిన సగానికి, అమెరికా నించి డబ్బు పంపించి మరీ, టైల్స్ వేయించాం. అమ్మకి ఊడ్చుకోటానికి సుఖంగా ఉంటుందని. చెట్టు కింద ఆకు రాలితే దానికి మనం పెట్టిన పేరు చెత్త. పొద్దున్నే ఊడ్చి కుప్పేసి అగ్గిపుల్ల గీస్తాం. ఆ పక్షి భోజనమంతా ఆ కుప్పలో ఉంది. పేరు మర్చిపోయినదాని కంచం కాల్చేస్తుంటే ఎవరికి బాధ?

పేరు తెలిస్తే ఊడ్చటం మానేస్తారా అని అడుగుతారు. అందరూ మానరు. కానీ పాలపిట్ట ఉన్న చెట్టు కొట్టటానికి వెనకాడిన మనిషిని నేను చూశాను. 'ఏదో పిట్ట' కోసం వెనకాడినవాణ్ణి ఇంతవరకూ చూళ్ళేదు.

కాబట్టి నా డిమాండ్లు (ధర్నాచౌకు లేదు కాబట్టి ఇక్కడే చెప్తున్నా). పత్రికలవాళ్ళూ, పాఠ్యపుస్తకాలవాళ్ళూ 'ఇండియన్ పిట్టా' అని రాయటం ఆపాలి. పొన్నంకి పిట్ట అని రాయండి, అర్థం కాదనుకుంటే పక్కన ఆరుగంటలకి కూసే పొట్టితోక పక్షి అని ఒక ముక్క వివరించండి. అక్షర దోషాలు వెతికి మరీ కామెంట్లు పెట్టే మన మిత్రులు ఆ దీర్ఘం మీద కూడా ఒక కన్నేయండి. ఊరెళ్ళినప్పుడు ఫోనులో వాయిస్ రికార్డరు ఎటూ ఉంది, అమ్మమ్మని ఆవకాయ కొలతలు అడిగినట్టే పక్షుల పేర్లూ అడగండి. అమ్మమ్మ దగ్గర ఆగొద్దు, చేలో పనికొచ్చే పెద్దవాళ్ళని కూడా గౌరవంగా కూర్చోబెట్టి అడగండి, టీ ఇప్పించి. దొడ్లో ఒక్క మూల, జామ చెట్టు కిందో కరివేపాకు కిందో, ఆకు ఊడ్చకుండా వదిలెయ్యమని ఇంట్లో చెప్పండి. పాములొస్తాయంటారు. ఇంటికి దూరంగా ఉన్న మూల చూసుకోండి.

ఆ రోజు మా అమ్మకి ఫోన్లో చెప్పింది ఇక్కడ కూడా రాస్తాను, అక్టోబరు నవంబరుల్లోనో ఏప్రిల్లోనో మీకూ పనికొస్తుంది. ఈ పక్షి ఇంట్లోకి వచ్చి కదలకుండా కూర్చుంటే దెబ్బ తగిలిందని కంగారుపడొద్దు, చాలాసార్లు వట్టి అలసటే. నోట్లో నీళ్ళు పొయ్యొద్దు, అన్నం మెతుకులు పెట్టొద్దు, పిల్లలకి చూపించటానికి చేతుల్లో తిప్పొద్దు, సెల్ఫీ అసలే వద్దు. ఒక అట్టపెట్టెకి చిన్న బొక్కలు పొడిచి, అడుగున పాత గుడ్డ వేసి, మెల్లగా అందులో పెట్టి మూసి, ఫ్యానూ టీవీ లేని గదిలో ఉంచండి. చీకట్లో అది సర్దుకుంటుంది. రెక్క వేలాడుతుంటేనో, రక్తం కనిపిస్తేనో మాత్రం పశువుల డాక్టరుకో అటవీశాఖవాళ్ళకో చెప్పండి. లేకపోతే సాయంత్రం కాకుల గోల తగ్గాక, పిల్లుల్లేని చోట, పొదల పక్కన పెట్టె మూత తీసి దూరంగా నిలబడండి.

మా అమ్మ అలాగే చేసింది. పెట్టెలోంచి గెంతి గోరింటాకు పొదలోకి పోయిందట. పక్కింటి బాబాయి గోడమీంచి "ఏంటి వదినా, పోయిందా పిట్ట?" అనడిగితే, "పిట్ట కాదు మరిదీ, పొన్నంకి పిట్ట" అందట.